మూడు వందల అడుగుల బేరం

కొత్తగూడ చుట్టుపక్కల ఆ రోజుల్లో బోరు వేయించుకున్నవాళ్లందరినీ వరసగా నిలబెట్టి అడగండి, నా అంత చవగ్గా వేయించుకున్న మనిషి ఒక్కరు దొరికితే నేను బేరాలాడటం మానేస్తాను. అడుగుకు నలభై అయిదు రూపాయలు నడుస్తున్న కాలంలో నేను ముప్పై ఎనిమిది చిల్లరకు కుదిర్చాను. నలభై అయిదు అడుగులు దించాలన్న ఇనప పైపును ఇరవై అడుగులతో సరిపెట్టించాను. నూట యాభై అడుగుల్లోనే నీళ్లు పడితే, డబ్బు మూడు వందల అడుగులకు మాట్లాడుకున్నాం కదా అని మిగతా నూట యాభై అడుగులూ దగ్గర నిలబడి మరీ కొట్టించాను. పైగా పక్కనున్న అవ్వ బావిలో నీళ్లు కూడా లాగేశాను. ఒక్క బోరుతో ఇన్ని పనులు చేయించినవాళ్లు ఇంకెవరున్నారు చెప్పండి?

మాది తెనాలి. మా నాన్నది కిరాణా కొట్టు, ఎడం పక్కన మా పెద్దనాన్నది బట్టల కొట్టు, ఎదురుగా మా మేనమామది ఇత్తడి సామాన్ల కొట్టు. నాకు అ ఆల కంటే ముందు తూకం రాళ్లు తెలిశాయి. మా వీధిలో చెప్పిన ధరకు కొనేయడం మర్యాద కాదు. అలా కొంటే అమ్మినవాడికి ఆ పూట అన్నం సయించదు, ఇంకో రెండు రూపాయలు ఎక్కువ చెప్పాల్సింది కదా అని. కొన్నవాడికీ సయించదు. బేరం ఆడితేనే ఇద్దరూ సుఖంగా భోంచేస్తారు. కొన్నాక పిడికెడు కొసరు అడగాలి. కొసరు అడగని ఆడపిల్లకు పెళ్లి ఎలా అవుతుందని మా నాయనమ్మ బెంగపడేది. నాకు ఆ బెంగ అవసరం లేకపోయింది. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా ఆయన, ధర అడగడానికే మొహమాటపడే మనిషి, నన్ను చేసుకున్నాడు. ఆయనకు నేనే కొసరు.

తొంభైల చివర, చిక్కడపల్లిలో ఇరవై ఏళ్లు అద్దెకున్నాక, కొత్తగూడ దగ్గర రెండు వందల గజాల స్థలం కొన్నాం. బస్సు దిగి ఎర్రమట్టిలో మైలు దూరం నడవాలి. చుట్టూ ఏనుగుల్లాంటి బండలు, తుప్పలు. మాదాపూర్ వైపు చూస్తే గుండ్రటి అద్దాల భవనం ఒకటి అంతస్తు మీద అంతస్తు లేస్తూ కనపడేది. కంకర లారీలు రోజంతా అటే పరుగు. మా ఆయన మొదటిసారి స్థలం చూసి, "ఇక్కడ కుక్కలు కూడా జంటలు జంటలుగా తిరుగుతున్నాయే, భయంతో," అన్నాడు. చవగ్గా వచ్చింది కదండీ అన్నాను. నా దగ్గర అన్ని భయాలకూ అదే మందు.

కుళాయి నీళ్లు ఆ వైపుకు ఇంకా రాలేదు. ఇల్లు కట్టినన్నాళ్లూ మాకు నీళ్లిచ్చింది అవ్వే.

అవ్వ అంటే మాకేమీ చుట్టం కాదు. మా ప్రహరీ గోడకు అవతల ఎనిమిది గుంటల తోట, అంటే దాదాపు వెయ్యి గజాలు, ఆమెది. మేం కొన్న స్థలాలన్నీ ఒకప్పుడు వాళ్ల పొలాలే. మొగుడు, మరుదులు ఒక్కొక్కటీ అమ్ముకుంటూ పోగా, మొగుడు కూడా పోయాక, చివరికి బావి చుట్టూ ఉన్న ఈ ముక్క మిగిలింది. దాంట్లో పాలకూర, మెంతికూర, కొత్తిమీర, గంగవాయిలి కూర మళ్లు కట్టి పండించేది. పొద్దున్నే గంపలో పెట్టుకుని కొత్తగూడ చౌరస్తాలో కూర్చుని అమ్మేది. ఆమె తిండి, ఆమె మందులు, పండక్కి కూతురికి పెట్టే చీర, అన్నీ ఆ మళ్లలోంచే. ఆ మళ్లు ఆ బావిలోంచి. నలభై అడుగుల బావి అది. లోపలికి దిగడానికి గోడలోంచి పొడుచుకొచ్చిన రాళ్లు ఉండేవి, మెట్లలాగా. "మంచి ఎండకాలంల గూడ ఏడో రాయి దాటి కిందికి పోవు నీళ్లు," అనేది అవ్వ. ఏడో రాయి అనేటప్పుడు ఆమె గొంతులో, మా నాన్న తన కొట్టు పేరు చెప్పేటప్పటి ఠీవి వినపడేది.

ఆమె తడి పెట్టుకున్నాక మేస్త్రీ మనుషులు ఆ బావిలోంచే డ్రమ్ములు నింపుకునేవాళ్లు. డబ్బు తీసుకోలేదు. నేనూ బలవంతం చేయలేదు. వద్దన్న డబ్బు బలవంతంగా ఇవ్వడం మా వీధిలో ఎవరూ నేర్పలేదు. పైగా ఆమె దగ్గర కూర కొన్నప్పుడల్లా బేరం ఆడేదాన్ని.

"అవ్వా, కట్ట ఇంత సన్నగా ఉంటే రూపాయా? మూడు ఇవ్వు రెండు రూపాయలకి."

"ఇల్లు కట్టనీకి నా నీళ్లు వట్టిగ కావాలె, కూరకు బేరం జేస్తవా? సిగ్గుండాలె బిడ్డా."

"నీళ్లు వేరు, కూర వేరు అవ్వా."

"గట్లనా? జర నీళ్లు వొయ్యకుండ పండియ్యి, సూస్త," అని నవ్వి, మూడో కట్టా, దాని మీద పిడికెడు కొత్తిమీర కొసరూ పడేసేది. ఇద్దరం సుఖంగా భోంచేసేవాళ్లం.

ఇంటికి పైకప్పు పడి, అద్దె మిగులుతుందని సగం ఇంట్లోకే సామాన్లతో దిగాక, మన బోరు మనకుండాలనిపించింది. ఎక్కడ వేయాలన్నది ప్రశ్న. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడుస్తూ, కాయ నిటారుగా లేచిన చోట నీళ్లున్నాయని చెప్పే ఒకాయన వచ్చాడు. నూట యాభై అడిగాడు. డెబ్బయికి తెచ్చేసరికి ఆయనకు కోపం వచ్చి వెళ్లిపోయాడు. కాయ మర్చిపోయాడు. మర్నాడు పచ్చడి చేశాను.

చోటు నేనే చూసుకున్నాను. మా తెనాలిలో బట్టల కొట్టు పెట్టాలంటే ఎక్కడ పెడతారు? ఇంకో బట్టల కొట్టు పక్కనే. జనం ఎక్కడికి అలవాటు పడ్డారో అక్కడే వ్యాపారం. నీళ్లూ అంతే అనుకున్నాను. అవ్వ బావిలో నీళ్లున్నాయంటే నీళ్లకు ఆ దారి అలవాటన్నమాట. బావికి పదిహేను అడుగుల దూరంలో, గోడకు ఇవతల, ముగ్గు వేసి గుర్తు పెట్టాను. పక్కన ఇంకో కొట్టు పెడితే మొదటి కొట్టు గల్లా పెట్టె ఏమవుతుందో మా పెద్దనాన్నను అడిగితే చెప్పేవాడు. అడగలేదు.

బోరు బండి మాట్లాడే ఏజెంటు ఆ ప్రాంతం మనిషే, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి పెట్టుకుని మాట్లాడేవాడు.

"అడుగుకు నలభై అయిదు మేడం. ఎన్ని అడుగులు కొడితే అన్ని. కేసింగ్ పైపు సపరేటు, అడుగుకు నూట పది."

కేసింగ్ అంటే బోరు పైభాగంలో దించే ఇనప గొట్టం. గట్టి రాయి తగిలేదాకా దాన్ని దించితే పైనున్న మెత్తమట్టి గుంటలోకి జారదు, పైపై నీళ్లు లోపలికి దిగవు. ఇదంతా అతను చెప్పాడు. నేను విన్నాను కూడా. కానీ నా చెవులు ధర వినిపించాక మిగతాది సరిగ్గా వినవు.

"మూడు వందల అడుగులకి మొత్తం కలిపి మాట్లాడుకుందామండి. పదకొండు వేలు."

"గట్ల ఎవరు మాట్లాడరు మేడం. నూరు అడుగులకే నీళ్లు పడొచ్చు."

"పడితే మీ అదృష్టం. మిగతా అడుగులు కొట్టే పని తప్పుతుంది కదా మీకు."

అతను కళ్లజోడు కిందికి దించి నన్ను ఒకసారి చూశాడు. నేను ఏం పోగొట్టుకుంటున్నానో అతనికి అర్థమైంది. నాకు మాత్రం టోకు ధర దొరుకుతోందన్న సంతోషమే అర్థమైంది. పదకొండు వేల అయిదు వందలకు తెగింది.

"పైపు ఎంత దించాలె? ఈడ నలభై, నలభై అయిదు దాకా పడ్తది. పైన మొత్తం మొరం."

"ఇరవై చాలు."

"మేడం, గట్టి రాయి దాకా దించకుంటే..."

"నేల కదండీ, నిన్న మొన్న పోసింది కాదుగా జారిపోవడానికి. ఇరవై."

"మీ ఇష్టం. రేపు నన్ను అనొద్దు," అన్నాడు. పక్కనే నిలబడిన మా ఆయన, "ఆయన చెప్పినట్టే వేయిద్దామేమో," అని మొదలుపెట్టి నా మొహం చూసి, "అని అనుకున్నాను," అని ముగించాడు.

శివరాత్రి వెళ్లిన వారంలో పొద్దున్నే బండి వచ్చింది. తమిళ మనుషులు. ఒళ్లంతా బూడిద పూసుకున్నట్టు దుమ్ము. మిషను మొదలవగానే ఇంట్లో గిన్నెలు వణికాయి. గుంటలోంచి ఎగిరి వచ్చే పొడిని పది అడుగులకొకటి చొప్పున చిన్న చిన్న కుప్పలుగా వరసలో పోశారు. నాకు ఒక్కసారిగా మా నాన్న కొట్టు గుర్తొచ్చింది. మొదటి కుప్ప ఎర్రగా కారప్పొడి. తర్వాత మూడు ధనియాల పొడి, అది మొరం, గరుకు మట్టి. నలభై దాటాక గోధుమరవ్వలాగా పలుకుపలుకుగా, అది పుచ్చిన రాయి. ఆ పైన తెల్లగా, మెత్తగా ముగ్గుపిండి. "గట్టి రాయి అమ్మా," అన్నాడు డ్రైవరు. మన కాళ్ల కింద ఇంత పెద్ద కొట్టు ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

నూట యాభై దగ్గర ముగ్గుపిండి ముద్దయింది. తర్వాత బుస్సుమని నీళ్లు. తాటిచెట్టంత ఎత్తు లేచి మా మీద, గోడ మీద, అవ్వ మెంతి మడి మీద కురిశాయి. అవ్వ గోడ మీంచి తొంగి చూసి చప్పట్లు కొట్టింది. "పడ్డయ్ బిడ్డా! మస్తు పడ్డయ్!" ఆ మొహం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. తన బావికి పదిహేను అడుగుల్లో ఇంకొకరికి నీళ్లు పడితే అంత సంతోషించిన మనిషి.

డ్రైవరు మిషను ఆపాడు. "నీళ్లు వచ్చింది అమ్మా. మంచి నీళ్లు, రెండు ఇంచి. చాలు."

"ఇంకా నూట యాభై అడుగులు ఉన్నాయి కదా."

"వద్దు అమ్మా. ఇది చాలు."

"మూడు వందలకి డబ్బు మాట్లాడుకున్నాం బాబూ. కిలోకి డబ్బిచ్చి అరకిలో తీసుకెళ్తానా?"

అతను ఏజెంటు వైపు చూశాడు. ఏజెంటు ఆకాశం వైపు చూశాడు. మా ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. ముందే నీళ్లు పడితే మీ అదృష్టం అన్నది నేనేనని నాకు గుర్తు రాలేదు. మిషను మళ్లీ మొదలైంది.

రెండు వందల అరవై దగ్గర చిత్రం జరిగింది. అప్పటిదాకా పైకి చిమ్ముతున్న నీళ్లు సగానికి సగం తగ్గాయి. మిషను గాలి పైకి రావడం మానేసి ఎటో పోతున్నట్టు బోలు చప్పుడు. డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. "కింద సందు ఉంది. గాలి పోతుంది. నీళ్లు కూడా పోతుంది." నేను గడియారం చూసుకుని, ఇంకా నలభై అడుగులే కదా, కానివ్వండి అన్నాను. మూడు వందలు పూర్తి చేయించి, లోతు తేలడానికి మిషను రాడ్లు లెక్కపెట్టుకుని మరీ పంపించాను.

మోటారు బాగా లోతుకు దించాల్సి వచ్చింది. పావుగంట వేస్తే నీళ్లు, తర్వాత అరగంట విశ్రాంతి. అయినా నాకు లోటనిపించలేదు, ఎందుకంటే నా బోరు పాడేది. మోటారు ఆపాక గొట్టం మూత తీసి చెవి పెడితే లోపల ఎక్కడో గలగలా నీళ్లు దూకుతున్న చప్పుడు. పగలంతా ఆగకుండా. ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ వంగదీసి వినిపించేదాన్ని. తెనాలి నుంచి వచ్చిన మా మేనమామను, గ్యాస్ బండ తెచ్చిన అతన్ని, చివరికి అవ్వను కూడా.

అవ్వ గొట్టానికి చెవి ఆనించి, "మా కాల్వ లెక్కుంది," అంది మురిసిపోయి.

ఉగాది నాటికి అవ్వ బావి తొమ్మిదో రాయికి దిగింది. ఆ తర్వాత రెండు వారాలకు పదకొండుకు. ఆమె చిన్న మోటారు గుర్రుమని గాలి పీల్చేది. పొద్దున పాలకూరకు పెడితే మెంతికి చాలేవి కావు. "ఈసారి ఎండ గట్టిగ ఉన్నది," అంది. నేనూ అదే అన్నాను. మాదాపూర్ వైపు కట్టడాలకు లోతు లోతు బోర్లు వేస్తున్నారట, వాటివల్ల అయి ఉంటుందని కూడా అన్నాను. మెంతి మళ్లు మొదట పసుపుపచ్చగా, తర్వాత చాపల్లాగా అయ్యాయి. చౌరస్తాకు పోయే గంప రోజు విడిచి రోజు పోయేది.

చివరికి అవ్వ బావుల్లో పూడిక తీసే మనిషిని పిలిచింది. యాభై ఏళ్లుంటాయి, మోకాళ్ల దాకా మడిచిన పంచె. తాడు పట్టుకుని రాళ్ల మీదుగా దిగి, చాలాసేపు లోపల గోడలు తడుముతూ తిరిగాడు. పైకొచ్చి చేతులు దులుపుకుంటూ అన్నాడు:

"అక్కా, మూడు దిక్కుల ఊట ఉన్నది, సన్నగనన్న కారుతున్నది. ఈ గోడ దిక్కు మాత్రం ఎండిన రాయి లెక్కుంది. పోయినేడు నేను దిగినప్పుడు పెద్ద ఊట గిదే." ఆ గోడ మా వైపుది. "ఈ దిక్కు ఎవలన్న బోరేసిండ్రా?"

"నా బిడ్డె ఏసింది," అంది అవ్వ, నన్ను చూపించి, కొంచెం గొప్పగానే.

అతను గోడ దూకి వచ్చాడు. పైపు ఎన్ని అడుగులు దించారని అడిగాడు. ఇరవై అన్నాను. బోరు లోతెంత అన్నాడు. మూడు వందలు అన్నాను. నీళ్లు ఎక్కడ పడ్డాయన్నాడు. నూట యాభై అన్నాను. ఒక్కో జవాబు చెబుతుంటే నా అంకెలు నాకే చిన్నబోతున్నట్టు అనిపించింది. అతను మూత తీసి చెవి పెట్టాడు. నేను ఎందరికో వినిపించిన పాట విన్నాడు. లేచి నిలబడ్డాడు.

"అమ్మా, బోరుల నీళ్లు కిందికెల్లి పైకి లేవాలె. పైకెల్లి కిందికి దుంకుడేంది? ఇవి మీ నీళ్లు గావు. పైన మొరంలకెల్లి అవ్వ బావికి పోయే నీళ్లు. ఇరవై అడుగుల కింద మీ బోరుకు గొట్టం లేదు, అందుకని గోడకెల్లి లోపలికి కారి అడుగున ఆ సందుల పడిపోతున్నయ్."

"ఆ సందు నిండితే ఆగిపోతుంది కదా?" అన్నాను.

"ఏడ నిండుతది? ఆ సందు ఏడిదాక ఉందో! అటు దిక్కు అంత లోతు బోర్లు గుంజుతున్నయ్. కింద వేరేటోళ్లు తాగుతనే ఉన్నరు. మీరు పైనుంచి వంచుతున్నరు."

నాకు అర్థం కాలేదని చెప్పలేను. అర్థమైంది, వెంటనే. మా నాన్న కొట్లో వానాకాలం బెల్లం దిమ్మెలు నీరుగారేవి. కారిన దిమ్మె కింద తడి కనపడేది కాదు. ఆ పాకం గోనె పోగుల్లోంచి మెల్లగా పాకి, రెండు బస్తాల అవతల నేల మీద బొట్టుగా తేలేది. ఆ బొట్టు దగ్గర మనం ఎంత తుడిచినా ప్రయోజనం ఉండదు. నేలలో నీళ్లు కూడా అట్లాగే నడుస్తాయట, పలుకు పలుకునూ తడుపుకుంటూ, రోజుకు ఇన్ని మూరలని, ఎవరి గోడ ఎక్కడుందో చూడకుండా. నేను ఆ నడకకు అడ్డంగా మూడు వందల అడుగుల చిల్లు పెట్టాను. టోకు ధరకి.

అర్థమైంది కదా, ఒప్పుకున్నానా? లేదు. తొమ్మిది రోజులు వాదించాను. ఎండలన్నాను, పూడిక అన్నాను, చెవితో విని చెప్పేది శాస్త్రమా అన్నాను. ఎవరితో వాదించానంటే మా ఆయనతోనే. అవ్వ నన్ను ఒక్క మాట అడగలేదు. మా ఆయన రాత్రి భోజనం దగ్గర, "నువ్వు అమ్మేవాళ్ల వైపు ఉంటే ఈ సరుకు వాపసు తీసుకునేదానివా?" అని మాత్రం అన్నాడు. ఆయన పెళ్లయ్యాక అంత పొడుగు మాట అనడం అది మూడోసారి.

పదో రోజు పొద్దున స్థలాల బ్రోకరు వచ్చాడు. అవ్వ ఎనిమిది గుంటల మీద చాలాకాలంగా అతని కన్ను. వచ్చినప్పుడల్లా అవ్వ కొడవలి చేతిలో పట్టుకునే మాట్లాడేది. "నన్ను గూడ గజాల లెక్క కొంటవా?" అని తిట్టి పంపేది. నేను గోడ ఇవతల బట్టలు ఆరేస్తున్నాను. అతను మోటార్‌సైకిల్ దిగి, నేరుగా బావి దగ్గరికి పోయి, వంగి లోపలికి చూశాడు. ఒక చిన్న రాయి వేశాడు. చప్పుడు ఆలస్యంగా వచ్చింది.

"బాయి ఖతమైనట్టుంది గదా పెద్దమ్మా. ఇగ ఏం జేస్తవు ఈ జాగతోని? పోయిన నెల చెప్పిన ధర ఇప్పుడు రాదు. జర తగ్గుతది. ఇంకో నెల ఆగితే ఇంకా తగ్గుతది, మల్ల నన్ను అనొద్దు."

ఆ గొంతు నాకు బాగా తెలుసు. పక్క కొట్లో బెల్లం నీరుగారేదాకా ఆగి, అప్పుడు వెళ్లి ధర అడిగేవాడు మా నాన్న. తప్పేముంది, అది వ్యాపారం. కానీ ఇక్కడ బెల్లాన్ని నీరుగార్చింది నేను.

అవ్వ చేతిలో కొడవలి ఉంది. తిడుతుందని ఎదురుచూశాను. ఆమె ఎండిపోయిన మళ్ల వైపు చూసి, "సూస్త తియ్. ఉగాదికి కూతురికి గూడ ఏం పెట్టలే. నాలుగు దినాలు ఆగి రా," అంది.

చేతిలో తడిబట్ట అలాగే పట్టుకుని గోడ దాటి వెళ్లాను. బ్రోకరు వెళ్లిపోయాడు. అవ్వ బావి గట్టు మీద కూర్చుంది.

"అవ్వా, ఎండల వల్ల కాదు. నా బోరు వల్ల."

"ఎర్కే బిడ్డా."

"ఎప్పటి నుంచి?"

"పూడిక తీసేటాయన చెవి పెట్టిన నాడే. నీ మొకం జూసిన."

"మరి నన్ను అడగలేదేం?"

అవ్వ తలపాగాలా చుట్టుకున్న కొంగు తీసి మొహం తుడుచుకుంది. "అడిగితె నువ్వు బేరం జేస్తవు."

నాకు ఇంతవరకూ ఎవరూ అంత తక్కువ మాటల్లో నా ధర కట్టలేదు.

ఆ సాయంత్రమే ఏజెంటును పిలిపించాను, పూడిక మనిషిని కూడా. ఏం చేయాలో అతనే చెప్పాడు. మోటారు పైకి తీసేయాలి. గుంట అట్టడుగు నుంచి నూట డెబ్బయి అడుగుల దాకా సన్న కంకరతో నింపి, దాని మీద బంకమట్టి ఉండలు వేసి దట్టించి, పైన సిమెంటు పోయాలి. అప్పుడు కింది సందు మూసుకుంటుంది. పైన సన్నటి పైపు గట్టి రాయి దాకా దించి, దాని చుట్టూ బంకమట్టి కూరాలి. అప్పుడు మొరం నీళ్లు లోపలికి రావు, వాటి దారిన అవి బావికి పోతాయి. నూట యాభై దగ్గర పడ్డ నీళ్లు మాత్రం మాకు.

"ఎంతవుతుంది?" అన్నాను.

ఏజెంటు చెప్పాడు.

"సరే," అన్నాను.

అతను కళ్లజోడు దించాడు. "సరేనా?"

"సరే."

"మేడం, మీరు ఒక మాట అనుండ్రి. ఎంతో కొంత తగ్గిస్త. గిట్ల సరే అంటే నాకు పరేషాన్ అయితది."

మా ఆయన అతని భుజం తట్టాడు. పూడిక మనిషి నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు.

నాలుగు రోజులు పని. నింపిన కొద్దీ కంకర ఎటు పోతోందో తెలియకుండా మింగింది ఆ గుంట. బంకమట్టి ఉండలు అవ్వే చేసింది, నేను ఎంత వద్దన్నా. మా ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నల్లగా. "నీకు జొన్నరొట్టె చెయ్యరాదా? గిదేం ఉండ?" అని నేను చేసినవాటిని మళ్లీ చిదిమి గుండ్రంగా చేసేది. సిమెంటు ఆరాక, పైపు దించాక, కంప్రెసర్‌తో కడిగాక, అందరూ వెళ్లాక గొట్టానికి చెవి పెట్టాను. ఏమీ వినిపించలేదు. అవ్వను పిలిచాను. ఆమె కూడా పెట్టింది. ఇద్దరం ఆ గొట్టం మీద చెరో వైపు వంగి, ఏమీ వినపడకపోవడాన్ని చాలాసేపు విన్నాం.

బోరులో నీళ్లు రెండు రోజుల్లో నూరు అడుగులకు లేచి నిలబడ్డాయి. బావిలో లేవలేదు. ఎండిన దారి మళ్లీ తడవాలి కదా, వాన పడాలి అన్నాడు పూడిక మనిషి. అప్పటిదాకా రోజూ పొద్దున మా మోటారు వేసి, గోడ మీదుగా రబ్బరు గొట్టం అవ్వ మళ్లలోకి విడిచాను. నాలుగు రోజులాగి రమ్మన్న బ్రోకరు వారం దాటాక వచ్చాడు. అవ్వ కొడవలి పట్టుకుని, "నన్ను గూడ గజాల లెక్క కొంటవా?" అనడం గోడ ఇవతలికి స్పష్టంగా వినపడింది. ఆ తిట్టు అంత తీయగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు.

వానలు పడ్డాక బావి మెల్లగా లేచింది. దసరాకు అయిదో రాయి. మరుసటి ఎండాకాలం మాత్రం తొమ్మిది దగ్గర ఆగింది. ఏడుకు రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు.

ఇదీ లెక్క. రెండు వైపులా చూపిస్తున్నాను.

బేరంలో మిగిల్చుకున్నవి: అడుగుల ధరలో రెండు వేలు, వేయించని పైపులో రెండు వేల ఏడు వందల యాభై. కలిపి నాలుగు వేల ఏడు వందల యాభై.

పెట్టినవి: మోటారు తీసి మళ్లీ దించిన కూలి ఎనిమిది వందలు. కంకర, బంకమట్టి, సిమెంటు పదకొండు వందల యాభై. సన్న పైపు యాభై అడుగులు, రెండు వేల ఏడు వందల యాభై. వేయించకుండా మిగిల్చుకున్న పైపు ధర ఎంతో పైసా తేడా లేకుండా అంతే. పూడ్చిన కూలి, కంప్రెసర్ కలిపి రెండు వేల ఆరు వందలు. మొత్తం ఏడు వేల మూడు వందలు. నికరంగా పోయింది రెండు వేల అయిదు వందల యాభై. ఇది కాక, కొట్టించి మళ్లీ పూడ్చిన నూట ముప్పై అడుగులు ఉన్నాయి. నా చవక ధరకు కట్టినా దాదాపు అయిదు వేలు.

అవ్వకు పోయిన కూర: నలభై రోజులది. ఎంతని అడిగితే చెప్పలేదు. రోజుకు నలభై కట్టలని నేనే వేసుకుని పదహారు వందలు తీసుకెళ్లాను. వెయ్యి తీసుకుని ఆరు వందలు వెనక్కిచ్చింది, "పదిహేను దినాలు ఎండలతోనే పోయినయ్, నీ లెక్క తప్పు," అని. నేను పైకి అడిగాను, ఆమె కిందికి దించింది. నా జన్మలో అటు తిప్పి ఆడిన బేరం అదొక్కటే, అదీ ఓడిపోయాను.

తెలిసి కూడా ఊరుకున్నవి: తొమ్మిది రోజులు.

బావిలో తిరిగి రానివి: రెండు రాళ్ల నీళ్లు. అందులో నా బోరు మళ్లించింది ఎంతో, అటు కట్టడాల బోర్లు తాగింది ఎంతో విడదీసే తూకం నా దగ్గర లేదు. సగం నా కింద రాసుకున్నాను. ఒక రాయి.